యాదమ్మ నన్ను తోయలేదు

కార్ఖానా, సికింద్రాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడు సాల్మన్‌కు అక్క దీవెనలు.

నువ్వూ, మార్తా, పిల్లలూ, మంచం మీద ఉన్న చిన్నమ్మగారూ ప్రభువు కృపలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. బాగానే ఉన్నానన్న ఈ మాట ఉత్తరంలో ఇంకా రెండు మూడుసార్లు వస్తుంది, ప్రతిసారీ నమ్ము.

ముందుగా ఒక సంగతి సరిదిద్దాలి. యాదమ్మ నన్ను మెట్ల మీద నుంచి తోయలేదు. మన నరసాపురం చర్చి స్త్రీల సమాజం వారు నా కోసం ప్రార్థన పెట్టుకుని, నన్ను తోసిన పనిమనిషిని కూడా క్షమించమని దేవుణ్ణి వేడుకున్నారట. మార్త ఫోనులో ఎంతో సంతోషంగా చెప్పింది. యాదమ్మను క్షమించవలసిన అవసరం దేవుడికి లేదు. క్షమాపణ కావలసిన మనిషి వేరే ఉంది. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మనిషే.

ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. అందుకే ఎడమచేత్తో, మూడు రోజులుగా, పూటకు కొంత చొప్పున రాస్తున్నాను. అక్షరాలు ఒకటో తరగతి పిల్లవాడివిలా ఉంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

యాదమ్మ ఎవరో నీకు సరిగా తెలియదు. ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి, మూడేళ్ళుగా, మంగళ, గురు, శనివారాలు నన్ను డయాలసిస్‌కు తీసుకువెళ్ళి తీసుకువచ్చేది ఆమే. బన్సీలాల్‌పేటలో ఉంటుంది. చదువుకోలేదు. నేనేమో ముప్పయ్యేళ్ళు ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. ఈ తేడాను నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. ఆమెను మరిచిపోనివ్వనూ లేదు.

నేను పడిన ఆ మంగళవారం డయాలసిస్ పూర్తయి బయటికి వస్తున్నాం. గుమ్మం ముందు మూడే మెట్లు. నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచాక కాళ్ళు మనవి కావు; యాదమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. కింద ఎవరో "మేడమ్!" అని పిలిచారు. నా పాత విద్యార్థిని. భర్త పక్కన, నిండుగా, నవ్వుతూ నిలబడి ఉంది. నన్ను ఒకరు పట్టుకుని దింపడం ఆమె చూడకూడదనిపించింది.

"చెయ్యి వదులు," అన్నాను.

"జెర ఆగమ్మా. ఇప్పుడే లేసినవ్, కండ్లు తిరుగుతయి."

"వదలమన్నానా? నాకు కాళ్ళున్నాయి."

వదిలింది. రెండో మెట్టు మీద నా మోకాలు వంగిపోయింది. సూదులు గుచ్చే ఎడమచేతికి దెబ్బ తగలకూడదని మాకు మొదటి రోజే నేర్పుతారు. పడుతూ పడుతూనే దాన్ని గుండెకు హత్తుకున్నాను. బరువంతా కుడివైపు పడింది. మణికట్టూ, భుజం కింది ఎముకా విరిగాయి. విరిగిన చప్పుడు నాకే వినబడింది.

రెండు మెట్ల మీద నుంచి పడితే రెండు ఎముకలు విరుగుతాయా, ఎవరో తోసే ఉంటారని మీరంతా అనుకున్నారు. మీ లెక్కలో తప్పు లేదు. ఎముకలు మామూలువి అయితే. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పాడు. మూత్రపిండాలు చెడినవాళ్ళ రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుపోతుందట, ఎముకల్లోని కాల్షియం బయటికి వచ్చేస్తుందట. పైకి గట్టిగా కనబడే ఎముక లోపల డొల్ల. "ఇలాంటి ఎముక విరగడానికి ఎవరూ తోయక్కర్లేదు మేడమ్," అన్నాడు. ఆ మాట విన్నది నేను ఒక్కదాన్నే. నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంకొకటి అడిగాడు: ఫాస్ఫరస్ మాత్రలు ఎలా వేసుకుంటున్నారని. క్రమం తప్పకుండా, పొద్దున లేవగానే అన్నీ కలిపి, అన్నాను, మంచి మార్కులు వచ్చిన పిల్లలాగా. ఆయన పెన్ను పక్కన పెట్టి వివరించాడు. ఆ మాత్ర అన్నంలోని ఫాస్ఫరస్‌ను కడుపులోనే పట్టి ఉంచాలి. అన్నంతో పాటు వేసుకోకపోతే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఇదొక్కటే కారణం కాదని ఆయన మర్యాదకు అన్నాడు. ఇంతకంటే తేలికైన కెమిస్ట్రీ లేదు, సాల్మన్. నేను అడగలేదు. ఆహారం గురించి చెప్పే అమ్మాయి వివరించబోతే "నాకు తెలుసమ్మా" అని పంపేశాను. పక్కన నిలబడి విన్న యాదమ్మ మాత్రం రోజూ పోరేది: "గోలీలు బువ్వతోటి ఎయ్యాలంట గదమ్మా." నాకు పాఠం చెప్పకు అనేదాన్ని.

ఇక అసలు సంగతి. ఆ సాయంత్రం నీ కొడుకు ప్రశాంత్ ఆసుపత్రికి పరుగెత్తుకుని వచ్చాడు. "అత్తా, నిజం చెప్పు. ఆమె నీ చెయ్యి వదిలేసిందా?" అని అడిగాడు.

"వదిలింది," అన్నాను.

అంతే. నేనే వదలమన్నానని చెప్పలేదు. నా మొండితనంతో పడ్డానని చెప్పుకోవడం కంటే ఒకరు వదిలేస్తే పడ్డాననిపించుకోవడం ఆ క్షణాన గౌరవంగా తోచింది. వాడు గది గుమ్మంలోనే యాదమ్మను రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె లోపలికి వచ్చి నా కళ్ళజోడు, మాత్రల డబ్బా బల్ల మీద పెట్టింది. నా వైపు చూస్తూ నిలబడిందని తెలుసు. నేను కళ్ళు మూసుకున్నాను.

నేను అన్న "వదిలింది" నరసాపురం చేరేసరికి "తోసింది" అయింది. ఆ తప్పు ప్రశాంత్‌ది కాదు, మార్తది కాదు. విత్తనం నాది.

చెయ్యి అతుక్కునే లోపు నా అంతట నేను నోరు తెరిచి ఉండేదాన్నేమో, తెలియదు. ప్రభువు అంత గడువు ఇవ్వలేదు. డయాలసిస్‌లో నా పక్క మంచం రంగారావుగారు ఒకరోజు, "మంచి పని చేశారు మేడమ్. మా అమ్మగారి దగ్గర నుంచి కూడా ఆవిణ్ణి మాన్పించేశాం," అన్నారు. మిగతా రోజుల్లో యాదమ్మ వాళ్ళింట్లో చేసేది. ఈ మూడేళ్ళలో ఆమె చేతిలోంచి ఒక్కరూ జారలేదు. నా ఒక్క మాటతో రెండిళ్ళు పోయాయి.

మరునాడు ఆటో చేసుకుని బన్సీలాల్‌పేట వెళ్ళాను. ఇప్పుడు బాగుచేసిన మెట్లబావి దాటాక ఇరుకు సందు. అడుగుతూ అడుగుతూ పోతే గుమ్మంలో బియ్యం ఏరుతూ కనబడింది. నన్ను చూసి లేవలేదు.

"ఎవలతోటి వచ్చినవమ్మా?"

"ఒక్కదాన్నే."

"గదే నీ బీమారి. కిడ్నీలది డాక్టర్ జూస్తడు. గిది ఎవలు జూడాలె?"

క్షమించమన్నాను. ఈ వయసులో ఆ మాట ఒకరితో మొదటిసారి అన్నాననుకుంటాను.

"ఆ రోజు నువ్వు నిద్రపోలేదు," అంది. "కండ్లు మూసుకున్నవ్. నాకెరుకే. మీ అల్లుడు పరాయోడు, గాయినకేం తెలుసు. నువ్వు అట్ల మూసుకున్నవ్ జూడు, గదే నాకు మస్తు తక్లీఫ్ అయింది."

కాసేపటికి ఆమే లేచి నాకు కుర్చీ వేసింది. "నాకు మాఫీ గీఫీ ఒద్దమ్మా. నా పేరు నాకు గావాలె. దవాఖాన్ల గాళ్ళందరి ముంగట చెప్పు, చాలు."

గురువారం చెప్పాను. మిషన్లు మొదలుపెట్టక ముందు హాలు మధ్యలో నిలబడి, క్లాసులో చెప్పినట్టే, వరుసగా: నేను వదలమన్నాను, ఆమె వదిలింది, నా ఎముకలు డొల్ల, నేను అబద్ధమాడాను. రంగారావుగారు తల దించుకున్నారు. వాళ్ళు ఇప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారట. ఆ ఇల్లు ఆమెకు ఇక తిరిగి రాదు. ఈ ఒక్కటి నేను సరిచేయలేను. రోజూ తలుచుకుంటాను. ప్రశాంత్‌కు ఫోను చేశాను. "నా చేత అన్యాయం చేయించావత్తా," అన్నాడు. నిజమే.

కాబట్టి నీకొక పని. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఈ ఉత్తరాన్ని స్త్రీల సమాజం ముందు చదివించు. ఏ వాక్యమూ దాటవేయవద్దు. నా పరువు గురించి ఆలోచించకు. దాని గురించి నేను చాలా ఆలోచించాను కాబట్టే ఇంత జరిగింది.

మరి రెండు చిన్న సంగతులు. నువ్వు పంపే ఎండు రొయ్యల పొడి ఇక పంపవద్దు, నాకు పడదు. తినకుండా ఉండలేను కాబట్టి అసలు కంటికి కనబడకూడదు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. ముందు హుక్కులుండే జాకెట్లు మార్త చేత రెండు కుట్టించు. ఇక్కడ ఎండలు ముదిరాయి. మాకు నీళ్ళు కొలిచి తాగడమే కాబట్టి నాలుక తడుపుకుంటూ పొద్దుపుచ్చుతున్నాను. బాగానే ఉన్నాను.

చిన్నమ్మగారికి నా వందనాలు. ఆవిడ చెయ్యి తలమీద పెట్టించుకోవాలని ఉందని చెప్పు. చర్చి అయ్యగారి కుటుంబానికి, నన్నడిగిన వారందరికీ నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

నన్ను నరసాపురం తీసుకుపోవడానికి వస్తానన్నావు. టికెట్టు తీయవద్దు. ఈ విషయంలో నిన్ను గానీ ప్రశాంత్‌ను గానీ అడగలేదు, అడగబోవడమూ లేదు. కార్ఖానా ఇల్లు ఖాళీ చేస్తున్నానని ఇంటివారికి చెప్పేశాను. యాదమ్మ ఇంటి పక్కనే మెట్లు లేని ఒక గది దొరికింది. బుధవారం అక్కడికి మారుతున్నాను. నన్ను చూసుకోవడానికి ఆమె ఒప్పుకుంది, ఒక షరతు మీద: ఆమె తనంతట తాను నా చెయ్యి పట్టుకోదు. పట్టుకొమ్మని ప్రతిసారీ నేనే అడగాలి.

నిన్న ఆ మూడు మెట్ల దగ్గర అడిగాను.

నీ శ్రేయస్సు కోరే
అక్క,
సుగుణ.