అమ్మ వేగం

మార్చి 3, మంగళవారం

ఈ రోజు ఒక ప్యాకేజీని దత్తత తీసుకున్నాను. చూసుకునేవాళ్ళు వదిలేసిన ప్యాకేజీని, అంటే ప్రోగ్రామ్‌ని, అందరం కలిసి ఉచితంగా నడిపే మా లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో అనాథ అంటారు. ఎవరో ఒకరు ముందుకొచ్చి, ఇకనుంచి నేను చూసుకుంటాను అనాలి. అన్నాను. అన్నయ్య వినగానే, పెళ్ళి కాకుండానే పిల్లేంటే, దాని తిండి మాత్రం నన్నడక్కు అన్నాడు.

చిన్న ప్రోగ్రామ్. తెర మీది అక్షరాలను పైకి చదువుతుంది. మా ఇస్త్రీ దుకాణంలో అమ్మ వాడేది ఇదే. బట్టలిచ్చేవాళ్ళ మెసేజీలు లాప్‌టాప్‌కి వస్తాయి. ఒక కీ మీద ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. అమ్మ అది నొక్కి వింటుంది. ఇదివరకు ఫోన్ పట్టుకుని పక్కనే ఉన్న మందుల షాపాయన దగ్గరికి వెళ్ళేది. ఆయన చదివిపెట్టేవాడు. చదివాక ఒక నవ్వు కూడా నవ్వేవాడు.

ఈ డైరీ కూడా అదే లాప్‌టాప్‌లో ఒక ఫైలు. తాళం వెయ్యలేదు. అమ్మకి చదవడం రాదు, అన్నయ్య అక్షరాల జోలికే రాడు, ఎవరు చూస్తారు?

మార్చి 5, గురువారం

దీనికి టెస్టులే లేవు. ఒకటి రాశాను. ప్రోగ్రామ్ ఒక వాక్యం చదవాలి. ఆ శబ్దం నిడివి నేను ముందే రికార్డు చేసి పెట్టినదాంతో సరిపోవాలి. తేడా వస్తే ఏదో చెడినట్టు. ఇక్కడ పాసయింది. మెంటర్ మేడమ్‌కి పంపాను. నా పని ఇంకా ఆవిడ చేతిమీదుగానే సర్వర్‌కి వెళ్ళాలి, అక్కడ టెస్టు మళ్ళీ నడుస్తుంది.

అమ్మకి చెబితే, పరీక్ష పెట్టిందీ నువ్వే, దిద్దిందీ నువ్వే, పాసవక ఏమవుద్ది అంది.

మార్చి 7, శనివారం

సర్వర్‌లో ఫెయిల్.

మార్చి 9, సోమవారం

ఇక్కడ పాస్. అక్కడ ఫెయిల్. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఆదివారం ఫ్రీజ్. కొత్త విడుదలకి తలుపులు మూసేస్తారు. అప్పటికి టెస్టు పాసవకపోతే ప్యాకేజీని విడుదలలోంచి తీసేస్తారు. మా లాప్‌టాప్‌లో ఎలాగో నేనే పెట్టుకోగలను. కానీ ఇలాంటి ఎర్రచుక్కలు ఇంకెన్ని ఇళ్ళలో ఉన్నాయో నాకేం తెలుసు? వాళ్ళందరూ మళ్ళీ ఎవరో ఒకరి నవ్వు చూడాల్సిందే. నా చేతికి వచ్చీ రాగానే.

మేడమ్‌కి ఫోన్ చేసి, టెస్టే తీసేస్తే గొడవుండదు కదా అన్నాను. తీసెయ్యమ్మా, ఎంతసేపు పని, కానీ మాడువాసన వస్తోందని ముక్కు మూసుకుంటే చొక్కా దక్కుతుందా, మీ అమ్మగారినే అడుగు అన్నారు. సిగ్గేసింది. తర్వాత మెల్లగా చెప్పారు: ఆ సర్వర్ ప్రతిసారీ కొత్తగా కడిగిన ఖాళీ గది, అక్కడ లేనిది నీ ఇంట్లో ఏముందో వెతుక్కో అని.

మార్చి 11, బుధవారం, పొద్దున

లాప్‌టాప్‌లో కొత్త ఖాతా తెరిచాను. ఖాళీ గది లాంటిదే. అందులో టెస్టు నడిపాను. ఫెయిల్! ఫెయిలైతే ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. జబ్బు ఇంటికే వచ్చింది, ఇక చూడొచ్చు. టెస్టు వాక్యాన్ని తెర మీద అలాగే వదిలేసి స్నానానికి వెళ్తున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం

స్నానం చేసి వచ్చేసరికి అమ్మ బట్టల మూటలన్నీ విప్పేసింది. ఒసేయ్, ఎవరిదే ఈ నీలం చొక్కా, సాయంత్రానికి కావాలంట, నాకు కనబడి చావట్లేదు అంది. అది నా టెస్టు వాక్యం. ఎవరిదీ కాదమ్మా అన్నాను. అమ్మ కోపం ఇక లాప్‌టాప్ మీదికి మళ్ళింది. దీనికేం పుట్టిందే, కుక్క తరిమినట్టు చదువుతోంది, నాలుగుసార్లు నొక్కితే గానీ ముక్క అర్థం కాలేదు అంది. అది ఎప్పుడూ అలాగే చదువుతుందన్నాను. నాకలా కాదు, మీ అన్న చేత ఎప్పుడో తగ్గించుకున్నాగా అంది.

అమ్మా నేనూ వాడే పాత ఖాతా తెరిచి చూశాను, వేగం తగ్గించే ఉంది.

నేను కొలతకోసం రికార్డు చేసింది ఈ ఖాతాలోనే. అమ్మ పెట్టుకున్న వేగంతో. ఆ ఖాళీ గదిలో అమ్మ లేదు కాబట్టి ప్రోగ్రామ్ దాని మామూలు వేగంతో చదివేసింది. తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, సర్వర్‌దీ కాదు.

ఇంట్లో సెట్టింగులు ముట్టుకోకుండా, ఎంత వేగంతో చదవాలో టెస్టే ప్రోగ్రామ్‌కి చెప్పేలా మార్చాను. మళ్ళీ రికార్డు చేసి పంపాను. చొక్కా లేదంటే అమ్మ ఇంకా నమ్మట్లేదు.

మార్చి 12, గురువారం

పాస్. రెండు చోట్లా.

ప్యాకేజీతో పాటు అందరికీ వెళ్ళే మార్పుల చిట్టాలో ఉన్నదున్నట్టు రాయమన్నారు మేడమ్. "అమ్మ వేగంతో తీసిన కొలత తొలగించాను" అని రాశాను. అమ్మకి చెబితే, నన్ను లోకమంతా తిప్పడం ఎందుకే అంది. కాసేపటికి నా బట్టలన్నీ అడక్కుండానే ఇస్త్రీ చేసిపెట్టింది.

జూన్ 20, శనివారం

కొత్త విడుదల వచ్చింది. మా లాప్‌టాప్‌లో వేశాను. ఎర్రచుక్క పనిచేస్తోంది. అమ్మ వేగం కూడా చెక్కుచెదరలేదు.

జూన్ 21, ఆదివారం

అమ్మ నుంచి నాకు మొదటి బగ్ రిపోర్టు. ఈ ఫైలు తెరిచి, చుక్క నొక్కి, మొత్తం విందట. ఆ రోజు తను కుక్క అనలేదట, పోలీసులు అందట. మందుల షాపాయన నవ్వు మాత్రం సరిగ్గా రాశానంది.

కుక్కని అలాగే ఉంచాను. తాళం ఇప్పుడూ వెయ్యలేదు.