బూడిదరాజు ఆజ్ఞాపత్రం

చిరంజీవి చిన్నోడికి,

మీ నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, అక్క, నేను ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నీ ఒంట్లో కూడా బాగుందనీ, వేళకి తింటున్నావనీ అనుకుంటున్నాం.

నీ ఉత్తరం అంది తొమ్మిది రోజులైంది. ఇన్నాళ్ళూ ఊరుకున్నానని ఏమీ అనుకోకు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో మనిద్దరికీ తిన్నావా, తిన్నాను, జాగ్రత్త అన్న మూడు ముక్కలు దాటి మాట పోదు. కాగితం మీదైతే నువ్వూ నాలుగేసి పేజీలు రాస్తావు, నేనూ రాస్తాను. ఈ సంగతి చెప్తే అక్క నవ్వుతుంది, ఎదురుగా ఉన్నప్పుడు ఇద్దరూ గోడల్లా కూచునేవాళ్ళు అని.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. అమ్మ మోకాలు నయం. ఆసుపత్రి కౌంటర్లో ఆమెకి కొత్త కుర్చీ వేశారు. రోజంతా వచ్చినవాళ్ళ వివరాలు రాసుకుని రాసుకుని, మొన్న నేను ఇంటి గుమ్మంలో అడుగు పెట్టగానే తలెత్తకుండా "పేరు?" అంది. ఆ తర్వాత తనే నవ్వింది. అక్క డ్రైవింగ్ పరీక్ష మూడోసారికి గట్టెక్కింది. మమ్మల్నిద్దర్నీ వెనక సీట్లో కూచోబెట్టి తిప్పింది. దిగాక అమ్మ నేరుగా వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టింది.

నా భుజం గురించి అడిగావు. అబద్ధం ఎందుకు, అలసిపోయాన్రా. పొద్దున నిచ్చెన ఎక్కితే మధ్యాహ్నానికి చెయ్యి రాయిలా బరువెక్కుతోంది. పెద్ద బోర్డులు ఇప్పుడెవరూ చేత్తో రాయించడం లేదు, అన్నీ మిషన్లోంచి అచ్చయి వచ్చేస్తున్నాయి. ఈ నెల ఆసుపత్రి కొత్త అంతస్తులో తలుపులకి నంబర్లు రాశాను. నూట నలభై తలుపులు. నూట పన్నెండో తలుపు దగ్గర రెండంకె తిప్పుతుంటే కుంచె జారింది. తుడిచి మళ్ళీ వేశాను. ఎవరూ చూడలేదు. చూడకపోయినా ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఇక నువ్వడిగిన పెద్ద ప్రశ్న. మీ కంపెనీ వాళ్ళు "బూడిద రాజ్యం" వీడియో ఆటకి రెండో భాగం తయారు చేస్తున్నారనీ, కథ మొదలే ఆ బూడిదరాజు ఆజ్ఞాపత్రంతో పెడుతున్నారనీ రాశావు. అది ఉన్న పుస్తకం పేజీ ఫోటోని ఆటగాళ్ళ గ్రూపులో పెట్టిన "పాతపెట్టె" అనే మనిషి నాలుగేళ్ళుగా పత్తా లేడనీ, అసలు పుస్తకం కోసం మీ పైఅధికారిణి అడుగుతోందనీ రాశావు. ఫోటో పెద్దది చేసి కవర్లో పెట్టి, "ఇది అచ్చా, చేత్తో రాసిందా? అక్షరం సంగతి నీకంటే తెలిసినవాళ్ళు నాకెవరూ లేరు. నువ్వు చూస్తే చెప్పగలవు నాన్నా" అన్నావు.

చెప్తాను. దానికి ముందు, నువ్వు ఇల్లు పట్టిన ఆ ఏడాది సంగతి నా వైపు నుంచి కొంచెం విను.

చదువు మధ్యలో ఆపేసి వచ్చావు. ఎందుకని అడిగితే గదిలోకి పోయి తలుపు వేసుకున్నావు. నేను కేకలేశాను, అమ్మ బతిమాలింది, ఏదీ పని చెయ్యలేదు. ఆ ఆట ఒక్కటే నీ లోకం. నాకు కోపంగా ఉండేది. నువ్వు లేనప్పుడు ఒకసారి నేనూ ఆడి చూశాను, అదేమిటో తెలుసుకుందామని. మొదటి వంతెన మీదే పదకొండుసార్లు చచ్చిపోయాను.

ఒక మధ్యాహ్నం అమ్మకి డ్యూటీ పడితే నువ్వు నా షాపుకి భోజనం క్యారియర్ తెచ్చావు. ఇచ్చేసి పోతావనుకున్నాను. పోలేదు. రంగు డబ్బా బోర్లించి దాని మీద కూచున్నావు. బూడిదరాజు నిజంగా దుర్మార్గుడేనంటావా నాన్నా అని మొదలుపెట్టావు. ఏడు ఊళ్ళు తగలబెట్టినవాడు, ముఖానికి ముసుగు తియ్యనివాడు, ఆటంతా వాణ్ణి చంపడానికే. అతను కథానాయకుడి తప్పిపోయిన తండ్రే అని కొందరంటున్నారన్నావు. ముసుగు వెనక చచ్చిపోయిన దేవుడున్నాడని ఇంకొందరు. గ్రూపులో "ఇనుపనోరు" అనే పెద్దమనిషి మాత్రం, వాడికి పిచ్చి, దుర్మార్గుడికి కారణాలు ఉండక్కర్లేదు అని తేల్చేశాడట.

నువ్వు ఒప్పుకోలేదు. కాలిన ఊళ్ళన్నీ మళ్ళీ మళ్ళీ తిరిగి చూశానన్నావు. ఏ ఇంట్లోనూ ఎముకలు లేవు. తలుపులన్నీ బయటికి తెరిచి ఉన్నాయి. పశువుల పాకల్లో పలుపుతాళ్ళు తెంపినవి కావు, ముడి విప్పినవి. అంటే ఎవరో ముందే వచ్చి జనాన్ని పంపించేశారు. ఊళ్ళలో మహమ్మారి పాకింది, అది ముందుకు పోకుండా రాజు ఖాళీ ఇళ్ళు తగలబెట్టాడు, ఆ నింద తనే మోశాడు. ఇదీ నీ వాదన.

గంటన్నర మాట్లాడావురా. నెలల తర్వాత. నేను అటు తిరిగి బోర్డు రాస్తున్నాను. కుంచె ఆపితే నువ్వూ ఆపేస్తావేమోనని, రాసిన అక్షరం మీదే మళ్ళీ మళ్ళీ రాస్తూ పోయాను. ఆ బోర్డులో ఒక "మ" మిగతావాటికంటే లావుగా తేలింది. ఆ బోర్డు రాయించుకున్నవాడు అడిగితే అదో ఫ్యాషన్ అని చెప్పాను.

ఆ వారమే నువ్వు దాన్ని గ్రూపులో రాశావు. ఇనుపనోరు ఒక్క ముక్క రాశాడు: "సాక్ష్యం ఎక్కడ?" దాని కింద మూడొందల మంది నవ్వారు. ఎవరో నీకు "రాజుగారి వకీలు" అని పేరు పెట్టారు. నువ్వు మళ్ళీ తలుపు వేసుకున్నావు. ఈసారి ఆట కూడా ఆడలేదు. అది నన్ను ఎక్కువ భయపెట్టింది. అమ్మ తలుపు దగ్గర పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగొచ్చేది. పన్నెండు రోజులు. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. అది అచ్చు కాదు నాన్నా. చేత్తో రాసిందే. ఆ చెయ్యి నాది.

ఆ ఆటలో రాళ్ళ మీద కనపడే కోణాల లిపి ఉంటుంది కదా, దాని పట్టిక నీ గది గోడకి అంటించి ఉండేది. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు చూసి రాసుకున్నాను. ఆట అమ్మిన మొదటి ఐదొందల పెట్టెల్లోనే ఒక చిన్న పుస్తకం వచ్చిందనీ, దాన్ని తయారుచేసిన పాత కంపెనీ మూతపడిందనీ, పూర్తి పుస్తకం ఎవరి దగ్గరా లేదనీ నువ్వే చెప్పావు, ఆ డబ్బా మీద కూచుని. నీ మాటలే వాడుకున్నాను. షాపు షట్టరు సగం దించి, నాలుగు మధ్యాహ్నాలు కూచున్నాను. "తెల్లారేలోగా పశువులను విప్పుడు. తలుపులు తెరిచి పొండు. కాల్చినవాడను నేనే అని చెప్పుకొనుడు." ఆ మూడు వాక్యాలూ నావే. కింద రాజముద్ర కూడా. కాగితాన్ని టీ డికాక్షన్లో ముంచి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాను. కిటికీ వెలుతురులో కాస్త మసగ్గా ఫోటో తీశాను. పాతపెట్టె అని పేరు పెట్టుకుని, నా దగ్గరున్న పుస్తకంలో పదిహేడో పేజీ ఇది అని పంపాను.

మూడో రోజుకి ఇనుపనోరు నీకు క్షమాపణ రాశాడు. నువ్వు గడ్డం గీసుకుని బయటికొచ్చి, రెండు కంచాల భోజనం తిని, ఫోన్ నా ముందు పెట్టావు. "చూడు నాన్నా, నేను చెప్పలేదా?" అన్నావు. నా రాత నాకే చదివి వినిపించావు. నేను "బాగుంది" అన్నాను. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నీ ముఖం చూసి నోరు రాలేదు.

ఆటే కదా, ఏడాదికి అందరూ మర్చిపోతారులే అనుకున్నాను. వాళ్ళు మర్చిపోలేదు. నువ్వు దాని మీద నలభై వ్యాసాలు రాశావు. వాటిని పట్టుకుని ఎవరెవరో ఇంకా ఎన్నో కథలల్లారు. ఎవరో అమ్మాయి నా రాజముద్రని మణికట్టు మీద పచ్చబొట్టు పొడిపించుకుందని నువ్వే ఫోటో పంపావు. అది చూసినరోజు ఆ ముద్ర గీసిన చిత్తుకాగితాలు బీరువా కింది అరలోకి తోసేశాను. తర్వాత నీ వ్యాసాలు చదివి ఈ కంపెనీవాళ్ళు పిలిచారు. అందరికీ మిఠాయి పంచాం. నేనూ పంచాను.

నీ ఉద్యోగం ఆ కాగితం చూసి ఇచ్చారా, నీ తెలివి చూసి ఇచ్చారా, నాకు తెలీదు. నీకూ తెలీదు. తెలుసుకునే దారి లేకుండా చేసింది నేను. దొంగకాగితం పుట్టించడం కంటే అదే పెద్ద తప్పనిపిస్తోంది ఈ తొమ్మిది రోజులుగా.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. బూడిదరాజు గురించి నీ మాట నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ ఆ మధ్యాహ్నం నువ్వు తాళ్ళ ముడుల గురించి చెప్తుంటే, వీడు ఎంత నిదానంగా చూస్తాడు, ఎంత బాగా ఆలోచిస్తాడు అనుకున్నాను. ఆ మాట ఇటు తిరిగి నీతో అని ఉంటే సరిపోయేదేమో. అది చేతకాక సాక్ష్యం తయారుచేశాను.

మొన్న ఆదివారం బీరువా కింది అరలోంచి అప్పట్లో రాసి పారెయ్యని ఆ కాగితాలు తీసి చూస్తుంటే అమ్మ వచ్చింది. దాచబోయాను. మంచం మీద నా పక్కనే కూచుంది.

"డబ్బాలో టీ పొడి వారంలో అయిపోతే నాకు తెలీదనుకున్నారా?" అంది.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?" అని అడిగాను.

"వాడు తింటున్నాడు కదా అని," అంది. నీ ఉత్తరం అందుకుని ఆ చివరి పేజీ రెండుసార్లు చదివింది. "వాడు మీ అక్షరాలు చూస్తూ పెరిగినవాడండీ. మీ చేతిరాత వాడు గుర్తుపట్టడా? ఇది ప్రశ్నలా లేదు నాకు."

అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు. నువ్వు తెలిసే అడిగావా? ఎప్పటి నుంచి తెలుసు? నీ నోటితో నన్ను దొంగా అనడం ఇష్టం లేక, నేనే చెప్పుకోవడానికి చోటిచ్చావా? అలా అయితే, నువ్వు పెట్టిన ఆ చోటులోకి రావడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది, మన్నించు. తెలియకే అడిగి ఉంటే, ఈ కాగితం చదివి నీ కాళ్ళ కింద నేల కదులుతుంది. దానికి ఏం చెప్పాలో నాకు తెలీదు.

ఏం చెయ్యాలో మాత్రం అనుకున్నాను. ఇది మీ కంపెనీవాళ్ళకి నువ్వు చెప్పక్కర్లేదు. నువ్వు చెప్తే నిన్నూ అనుమానిస్తారు. మంగళవారం పొద్దున బండికి బయల్దేరుతున్నాను. బుధవారం పదింటికల్లా మీ ఆఫీసుకి వచ్చి, మీ పైఅధికారిణి ముందు కూచుని, కాగితాలు చూపించి, కావాలంటే అక్కడే ఆ ముద్ర ఇంకోసారి గీసి చూపిస్తాను. నా కొడుక్కి ఇందులో పాలు లేదని నా సంతకంతో రాసిస్తాను. ఆ తర్వాత ఆ గ్రూపులో కూడా నేనే రాస్తాను, పాతపెట్టె పేరుతో కాదు, నా పేరుతో. ఇనుపనోరు ఏమన్నా పడతాను. పాపం, అతనడిగిన ప్రశ్న సరైందే కదా.

ఇంత దూరం కూచుని వెళ్ళగలరా అని అమ్మ అడిగింది. వెళ్ళగలను. సామాను ఏమీ లేదు, ఒక సంచీ.

ఈ ఉత్తరం సోమవారానికి అందుతుందని పోస్టాఫీసులో అన్నారు. అందాక నీకు రెండు రోజులుంటాయి. నన్ను చూడబుద్ధి కాకపోతే స్టేషనుకి రావద్దు. మీ ఆఫీసు అడ్రసు నీ కవరు మీద ఉంది, దారి అడుగుతూ వచ్చేస్తాను. పని కాగానే సాయంత్రం బండికి వెనక్కి వెళ్ళిపోతాను, నీ గదికి రాను. వస్తే మాత్రం, ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, నా పక్కన నడువు చాలు.

ఇట్లు,
నువ్వేమన్నా వినడానికి బయల్దేరిన
మీ నాన్న