సైడింగు దగ్గర ఓవర్‌టైమ్

14 జూన్ 2024, ఉదయం 11.40

మా అప్పు ఏడు లక్షల పద్దెనిమిది వేలు. ఇప్పుడే కూడాను. ఇన్నాళ్లూ ఎవరూ కూడలేదు.

కారు 2,90,000. గని ఉద్యోగుల సొసైటీ లోను 2,60,000. నా గాజుల మీద బ్యాంకులో 1,20,000. కిరాణా, బట్టల షాపుల ఖాతాలు 48,000.

కిరాణా సేఠ్ పనివాడితో చీటీ పంపాడు. దాంతో మొదలైంది. సొరుగుల్లో కాగితాలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచాను. ఆ టేబుల్ కూడా కిస్తీల మీద కొన్నదే. అదొక్కటే తీరిపోయింది.

15 జూన్

సన్యాసిరావుకు అంకె చెప్పాను. ఇరవై నాలుగేళ్లుగా ఇనుప ఖనిజం గనిలో డంపర్ నడుపుతున్నాడు. కిరండూల్‌లో తక్కువ జీతం కాదు. అన్నం కలుపుతూ విన్నాడు. ఏటే ఇంద్రాణీ, టౌన్‌షిప్‌లో అప్పు లేనోడు ఒకడి పేరు చెప్పు, కాళ్లకి దండం పెడతాను అన్నాడు. ఇన్సెంటివ్ వస్తాది కదా, అప్పుడు చూద్దుం అన్నాడు.

ఇన్సెంటివ్ ఏడాదికొకసారి వస్తుంది. ఆ తేదీ మాకంటే షాపులవాళ్లకే బాగా తెలుసు. టీవీ ముందు ఇస్తారు, డబ్బు తర్వాత తీసుకుంటారు. మేం ఈ ఏటి ఇన్సెంటివ్‌ను ఫిబ్రవరిలోనే ఖర్చు పెట్టేశాం. విశాఖలో మా మరిది గృహప్రవేశం. ముగ్గురికి ఏసీ టికెట్లు, వెండి పళ్లెం, నాకు పట్టుచీర. ఆ చీర రెండుసార్లు కట్టాను.

ఏటీఎం కార్డు అడిగాను. ఇచ్చాడు. ఇచ్చాక చాలాసేపు పర్సు సర్దుకున్నాడు.

1 జూలై

కారు అమ్మేశాం. 2,70,000 వచ్చింది. ఇంకో ఇరవై వేలు కలిపి లోను మూసేశాను.

ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాను. ప్రతి నెలా ఒకటో తారీఖున మిగిలిన అప్పు ఎంతో రాస్తాను. ఈ రోజు అంకె 4,28,000. పోగొట్టుకున్న కూతురి ఫొటోలాగ పెట్టీసినావేటి అన్నాడు సన్యాసిరావు. మా అమ్మాయి పండు నవ్వింది. నేను నవ్వలేదు.

సంతకు నడిచి వెళ్లాం. చింతపండు అమ్మే బుధ్రి, మేడమ్, గాడీ బేచ్ దియా క్యా అని అడిగింది. ఔను, అమ్మేశామన్నాను. మంచి పని చేశారు, ఇప్పుడు చింతపండు మోసుకెళ్లడం తెలుస్తుంది అని హిందీలోనే అంది. కుప్పకు ఐదు రూపాయలు తగ్గించమన్నాను. తగ్గించలేదు.

22 జూలై

పండు ఏదీ అడగడం మానేసింది. దానికి పదిహేనేళ్లు. ఈ నెల పొదుపులో ఆ సంగతి కూడా రాశాను.

9 ఆగస్టు

నాలుగు రోజులుగా వాన. రైలు లైను మీద కొండరాళ్లు పడ్డాయట. ఖనిజం తీసుకెళ్లే గూడ్సు రైళ్లు నిలిచిపోయాయి, ఇక్కడ వాటిని రేకులంటారు. వంటింటి కిటికీలోంచి వాటిని నింపే సైడింగు కనిపిస్తుంది. ఖాళీ. వాగు ఎర్రగా పారుతోంది. రేకు కదలకపోతే ప్రొడక్షన్ తగ్గుతుంది, ప్రొడక్షన్ తగ్గితే ఇన్సెంటివ్ తగ్గుతుంది. ఇది ఇక్కడ పిల్లలకు కూడా తెలిసిన లెక్క.

18 ఆగస్టు

ఈ నెల అంకె తగ్గేలా లేదు. సన్యాసిరావుతో చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను. బీడీలకు, టీలకు నెలకు పదకొండు వందలు అవుతోందని చూపించాను. చొక్కా వేసుకుని హరిబాబు ఇంటికి వెళ్లిపోయాడు. హరిబాబు ఇతని షిఫ్టు మనిషే, రెండు వీధుల అవతల ఉంటాడు.

31 ఆగస్టు

సన్యాసిరావు ఇరవై వేలు క్యాష్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. షిఫ్టు అయ్యాక సైడింగు దగ్గర ఒక కాంట్రాక్టరుకు వ్యాగన్లు నింపే లోడరు నడుపుతున్నాడట. రోజుకు నాలుగు గంటల ఓవర్‌టైమ్. నిజమే, పది రోజులుగా సాయంత్రం ఏడు దాటాక వస్తున్నాడు.

బీడీ మానేశానన్నాడు. భుజం తట్టాను.

లైను ఇంకా తెరవలేదు. ఇవాళ్టికి ఇరవై మూడో రోజు.

30 సెప్టెంబర్

ఇరవై వేలు. బట్టల షాపు ఖాతా మూసేశాను.

31 అక్టోబర్

ఇరవై వేలు. కిరాణా ఖాతా కూడా అయిపోయింది. కొట్టేసిన పేజీ చింపి ఇమ్మని సేఠ్‌ను అడిగాను. ఏం మేడమ్, ఫ్రేమ్ కట్టిస్తారా అన్నాడు.

11 నవంబర్

మధ్యాహ్నం 12.15కి గాజులు విడిపించాను. నాలుగు, నలభై గ్రాములు. కాంట్రాక్టరు ఏడు నెలల అడ్వాన్సు ఒకేసారి ఇచ్చాడట, లక్షా నలభై వేలు. వడ్డీతో కలిపి సరిగ్గా సరిపోయింది.

ఇంత అడ్వాన్సు ఎవరిస్తారు అని అడగబోయాను. అడగలేదు. బ్యాంకులోనే గాజులు వేసుకున్నాను.

26 నవంబర్

హరిబాబు భార్య దేవిశ్రీ వచ్చింది. వాళ్ల అమ్మాయి జగదల్‌పూర్‌లో నర్సింగ్ మొదటి సంవత్సరం. ఫీజు రెండో కిస్తీ పద్దెనిమిది వేలు కట్టాలి, రెండు నెలల్లో తిరిగి ఇచ్చేస్తాను వదినా అంది.

ఇవ్వలేదు. మాకే అప్పు ఉందన్నాను. అది అబద్ధం కాదు. ఆ మాట చెప్పి ఊరుకోవాల్సింది. ఇద్దరి మొగుళ్లదీ ఒకే గ్రేడు, ఒకే జీతం, మీకెందుకు చాలడం లేదు అని అడిగాను. ఏమో వదినా, ఈ మధ్య చేతికి తక్కువ వస్తోంది, అడిగితే కసురుకుంటారు అంది. ఫ్రిజ్ కాగితం చూపించాను. మగవాళ్లను అడగొద్దు, రాయి, ప్రతి రూపాయీ రాయి, డబ్బు ఎక్కడికి పోతోందో అదే చెబుతుంది అన్నాను. జీతం స్లిప్పులు తీసి వెనకటి నెలలు కూడా రాయమన్నాను. పండు వాడి పారేసిన నోటుబుక్కు ఇచ్చాను, సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. నెలలో రెండుసార్లు ఉప్పు కొనే ఇల్లు బాగుపడదని కూడా అన్నాను.

వెళ్లేటప్పుడు, గాజులు బాగున్నాయి వదినా అంది.

4 జనవరి 2025

హరిబాబు కూతురు హాస్టల్ ఖాళీ చేసి వచ్చేసింది. బస్టాండులో ట్రంకు పెట్టె దించుతుంటే చూశాను.

1 ఫిబ్రవరి

ఫ్రిజ్ మీద అంకె 1,90,000. ఏడు నెలల పద్దెనిమిది రోజులు. స్వీటు కొనలేదు. కొనాలనిపించింది.

15 ఫిబ్రవరి, సాయంత్రం 4.10

దేవిశ్రీ నోటుబుక్కు తెచ్చింది. నేను చెప్పినట్టే రాసింది. పాలు, ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టె. నా కంటే శుభ్రంగా రాసింది. ఎక్కడ తగ్గించాలో చూడు వదినా, నాకు ఎక్కడా కనపళ్లేదు అంది.

తగ్గించడానికి ఏమీ లేదు. ప్రతి నెలా పైనుంచి రెండో లైను ఒకటే: జీతంలో సొసైటీ కటింగు, 7,400. సెప్టెంబర్ నుంచి. ఇదేమిటి అన్నాను. ఆగస్టు ఇరవైన రెండు లక్షల లోను తీసినారంట వదినా, స్లిప్పులో ఉంది, ఆ డబ్బు మా గుమ్మం తొక్కలేదు, ఎవరికిచ్చినావంటే చెప్పరు, కట్టీది మాత్రం మేమే అంది.

టీ పెడతానని లేచాను. వంటింట్లో నా లెక్కల పుస్తకం తెరిచాను. ఇరవై, ఇరవై, ఇరవై, లక్షా నలభై. రెండు లక్షలు.

ఈ డైరీ కూడా తిరగేశాను. ఆగస్టు 31. సైడింగు దగ్గర ఓవర్‌టైమ్ అని రాసినదాని కిందే, లైను తెరవలేదని రాశాను. రేకే లేనప్పుడు లోడరు ఏం ఎత్తింది? రెండు వాక్యాలూ నా చేతిరాతే.

టీలో పంచదార వేయడం మరిచిపోయాను. దేవిశ్రీ అలాగే తాగింది. పొదుపు అనుకుని ఉంటుంది.

16 ఫిబ్రవరి, ఉదయం 9.00

అడిగాను. సన్యాసిరావు దాచలేదు. తన పేరు మీద లిమిట్ అయిపోయింది, సొసైటీలో ఇంకో లోను రాదు. హరిబాబు తన పేరు మీద తీసి ఇచ్చాడు. కటింగు నెలనెలా నేనిస్తానని ఆడితో అన్నాను, ఏటి పెట్టి ఇస్తాను, కార్డు నీ దగ్గరుంది కదా అన్నాడు. ఇన్సెంటివ్‌లో సర్దుదామనుకున్నాడట. అది సగమే వచ్చింది. ఆ సగం కూడా నేనే సొసైటీలో కట్టేశాను.

రెండు లక్షల్లో ఒక్క రూపాయి తను వాడుకోలేదు. అంతా నాకే తెచ్చి ఇచ్చాడు.

మరి ఆ నాలుగు గంటలు ఎక్కడుండేవాడివి అని అడిగాను. స్టేషన్‌లో, రెండో బెంచీ మీద కూర్చునీవోణ్ణి అన్నాడు. అడ్వాన్సు తీసుకున్నట్టు చెప్పాడు కాబట్టి ఇప్పటికీ వెళ్తున్నాడు. మొన్న జ్వరంలో కూడా వెళ్లాడు.

ఎందుకు అన్నాను. ఒకటో తారీకు నువ్వు ఫ్రిజ్ కాడ నిలబడీదానివి, అంకె తగ్గకపోతే ఆ రోజు నాకు అన్నం దిగీది కాదు అన్నాడు. తర్వాత, బీడీ మాత్రం నిజంగానే మానేసినాను అన్నాడు.

అదే రోజు, సాయంత్రం 5.30

దేవిశ్రీ ఇంటికి వెళ్లి మొత్తం చెప్పాను. హరిబాబు లేచి బయటికి వెళ్లిపోయాడు. అమ్మాయి లోపలి గదిలో ఉంది, తలుపు తీసే ఉంది.

దేవిశ్రీ అరవలేదు. అంటే వదినా, మా ఉప్పు ప్యాకెట్లు లెక్కపెట్టిన రోజు నీ చేతికున్నది మా అమ్మాయి ఫీజన్నమాట అంది. అవునన్నాను. ఇంకేదైనా చెబితే తగ్గించి చెప్పినట్టు ఉండేది.

అమ్మాయి లోపలినుంచే చెప్పింది. ఫైన్‌తో కలిపి 20,700. పంతొమ్మిది ఆఖరి తేదీ. కడితే మార్చి పరీక్ష రాయనిస్తారు. కట్టకపోతే ఏడాది పోయినట్టే.

17 ఫిబ్రవరి, సాయంత్రం 6.00

ఫ్రిజ్ మీద అంకె మార్చాను. 3,99,000. మా 1,90,000, హరిబాబు లోనులో మిగిలిన 1,72,000, వాళ్లకు కోత పడిన 37,000. పండు రెండుసార్లు చదివింది. స్టేషన్‌కు వెళ్లక్కర్లేదని సన్యాసిరావుకు చెప్పాను. ఇంట్లోనే కూర్చున్నాడు, ఎక్కడ కూర్చోవాలో తెలియనివాడిలా.

రేపు 10.30కి బ్యాంకు. గాజులు నాలుగూ మళ్లీ తాకట్టుకు. ఎల్లుండి ఉదయం ఆరింటి జగదల్‌పూర్ బస్సుకు దేవిశ్రీ, అమ్మాయి, నేను. కాలేజీ కౌంటరు రెండింటికి మూస్తారు.