పొయ్యి ముట్టించని కన్నియమ్మ

తొండియార్‌పేట, సోమవారం

మసాలా కంపెనీ మేనేజరు ప్రదీప్ గారికి, మీ దగ్గర పదిరోజులుగా రుచి చూస్తున్న కన్నియమ్మ దండం పెట్టి చెప్పేది. రాసేది నా కోడలు విజి. దానికి తెలుగు, తమిళం రెండూ రాయడం వచ్చు. నాకు ఒక్కటీ రాదు. వాట్సాప్‌లో గొంతు పంపమనింది. గొంతుకు వేలిముద్ర ఎట్లా వేసేది?

ఎదురుగానే అడుగుదామంటే నన్ను చూడగానే మీరు లేచి నిలబడతారు. లేచి నిలబడినోళ్ళతో ఏం కొట్లాడేది?

మీరు నన్ను పొరపాటున చేర్చుకున్నారు. ఏసీ బండిలో మనలిలో మీ కంపెనీకి తీసుకుపోతారు. ఏడు గిన్నెల్లో రసం పెడతారు. నేను చప్పరించి "ఛీ" అంటా. ఒక పిల్ల దాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తుంది. ఇదొక పనా? ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఊరికే చేస్తున్నా. ఆడ నా పక్కన కూచునేవాళ్ళందరూ వంట చదువులు చదివినోళ్ళు. వాళ్ళు నన్ను మేడమ్ అంటుంటే దొంగసొమ్ము తిన్నట్టుంది. మీకు కావలసిన కన్నియమ్మ వేరే ఎవరో. ఆమెను వెతుక్కోండి.

ఇట్లు, కన్నియమ్మ వేలిముద్ర

తా.క.: ఇది విజి రాస్తున్నది సార్. అత్త ఊరికే చేసిన మాట నిజమే. విన్నందుకు నాకూ ఎవరూ జీతం ఇవ్వలేదు.

*

మనలి, బుధవారం

గౌరవనీయులైన కన్నియమ్మ గారికి,

తమ లేఖ అందినది. తమ హోదా మీద తమకున్న అసంతృప్తిని ఎంతో సున్నితంగా తెలియజేశారు. ఇంతటి అనుభవజ్ఞురాలిని "రుచి సహాయకురాలు"గా చేర్చుకోవడం మా పొరపాటే. నేటి నుంచి తమరు "ముఖ్య రుచి నిపుణురాలు". కొత్త గుర్తింపు కార్డు జతపరిచాను.

భవదీయుడు, ప్రదీప్

తా.క.: తమరు "ఛీ" అన్న నాలుగో గిన్నెలో ధనియాలు పాతవని ల్యాబ్ తేల్చింది. మిగతా పదకొండుమంది "చాలా బాగుంది" అన్నారు. ఆ పదకొండో మనిషిని నేనే.

*

తొండియార్‌పేట, గురువారం

ప్రదీప్ గారికి, కోపంగా ఉన్న కన్నియమ్మ చెప్పేది.

దించమంటే ఎక్కిస్తారా? ఈ కార్డు చూసి నీళ్ళ లారీ దగ్గర కూడా నాకు దారి వదిలారు. ఇంక దాచను. పుట్టి బుద్ధెరిగి నేను పొయ్యి ముట్టించలేదు. పదిహేనో ఏట నుంచి జార్జి టౌన్‌లో పూలు కట్టి అమ్మినదాన్ని. పొద్దున పోతే దీపాలు పెట్టేటప్పటికి ఇల్లు చేరేదాన్ని. మొదట మా అత్త వండింది, ఆమె తర్వాత విజి. నేను తినిందీ తిట్టిందీ తప్ప గరిటె పట్టింది లేదు. రేపు ఎవరన్నా రసం పెట్టి చూపించమంటే నా పరువేం కావాలి? అందరి ముందరా బయటపడకముందే నన్ను పంపించేయండి.

ఇట్లు, కన్నియమ్మ వేలిముద్ర

తా.క.: సార్, "తిట్టింది" అనే మాట నేను చేర్చింది కాదు. ఆమే చెప్పింది. చెవులారా వినాలని ఇంకోసారి చెప్పించుకున్నా. – విజి

*

మనలి, శనివారం

గౌరవనీయులైన కన్నియమ్మ గారికి,

తమ ఆంతర్యం గ్రహించాను. చెయ్యి తిరిగినవాళ్ళు అడిగిన వెంటనే గుట్టు విప్పరు. బెజవాడలో ఆవకాయ పాళ్ళు అడిగితే మా పెద్దమ్మ కూడా "నాకేం తెలుసు నాయనా" అనేది. మా యజమానులు ముచ్చటపడి వచ్చే శుక్రవారం తమ చేతి రసం రుచి చూస్తామన్నారు. వండేటప్పుడు ఎవరూ చూడకుండా తెర కట్టిస్తాము.

భవదీయుడు, ప్రదీప్

తా.క.: తమరు కట్టెల పొయ్యికి అలవాటుపడిన మనిషని ఊహించి ఒకటి తెప్పించాము. మంటలార్పేవాళ్ళు ఇద్దరు తెర లోపలే ఉండాలట. కావాలంటే వాళ్ళ కళ్ళకు గంతలు కడతాము.

*

తొండియార్‌పేట, సోమవారం

ప్రదీప్ గారికి, కన్నియమ్మ చెప్పే ఆఖరి మాట.

నిన్న సాయంత్రం విజిని వంటింట్లోంచి తరిమి నేనే రసం పెట్టా. చింతపండు నానబెట్టాలని ఎవరు చెప్పారు నాకు? అట్లనే వేశా. తాలింపు మాడి, మేడ మీద కాపురముండేవాళ్ళంతా గ్యాస్ లీకయిందని వీధిలోకి పరిగెత్తారు. నా కొడుకు ఒక గుక్క తాగి "బాగుందిమా" అని మిగతాది తులసికోటలో పోశాడు. వాడు అబద్ధమాడాడు. నా నాలుక ఆడలేదు. మీ బల్ల మీద పెట్టుంటే ఆ గిన్నెను నేనే విసిరికొట్టేదాన్ని. ఇప్పుడన్నా నమ్మండి. శుక్రవారం రాను. కార్డు దీంతో పంపిస్తున్నా.

ఇట్లు, కన్నియమ్మ వేలిముద్ర

తా.క.: ముప్పై ఏళ్ళలో మొదటిసారి అత్త వంటను నేను "ఛీ" అన్నా సార్. ఎంత హాయిగా ఉందో! మీ దగ్గర ఇంకో ఖాళీ ఉందా? – విజి

*

మనలి, మంగళవారం

మామ్మగారూ,

ఈసారి తమరు గిమరు అని రాయను. నేను ఈ కుర్చీలో కూర్చుని మూడు వారాలే అయింది. నాకు తమిళం చదవడం రాదు. ఎవరికీ చెప్పలేదు. తమిళం కాగితం వస్తే తల ఊపి సంతకం పెడుతున్నాను. మిమ్మల్ని చూసి లేచి నిలబడేది మర్యాదకు కాదు. గిన్నెల గుట్టు చెప్పినట్టే నా గుట్టూ చెప్పేస్తారని భయం.

మీ కార్డు వెనక్కి వచ్చాక మీ దరఖాస్తు బయటికి తీశాను. నేను రాకముందు వచ్చినది, తమిళంలో ఉంది. తెలుగు కూడా వచ్చిన మా గేటు కాపలా అరుళ్ చేత చదివించాను. అందులో ఇలా ఉంది:

"మా అత్తకు వంట రాదు. కానీ ముప్పై ఏళ్ళలో ఆమె పెట్టిన వంక ఒక్కటీ తప్పు కాలేదు. ఒకసారి ధనియాలు వేరే కొట్లో కొంటే, ముద్ద నోట్లో పెట్టకముందే 'కొట్టు మార్చావా' అనింది. ఈ మాట ఆమె ముందర చచ్చినా ఒప్పుకోను. ఇంత నాలుకను నా ఒక్కదాని మీద వృథా చేయడం న్యాయం కాదు. పగలంతా మీరు పెట్టుకోండి. – కోడలు విజి."

మామ్మగారూ, నాకు ముందున్న మేనేజరు మిమ్మల్ని వంట రాదని తెలిసే తీసుకున్నారు. తెలియనిది నాకే. శుక్రవారం రసం మా వంటవాళ్ళు పెడతారు. మీరు యజమానుల ఎదుట కూర్చుని లోపం చెబితే చాలు. వస్తారా?

మీ ప్రదీప్

తా.క.: నా తమిళం సంగతి వాళ్ళకు చెప్పేదా, వద్దా?

*

తొండియార్‌పేట, గురువారం

నాయనా ప్రదీపూ, కన్నియమ్మ చెప్పేది.

నీ ఉత్తరం వచ్చిందని విజి నాకు చెప్పనే లేదు. అన్నంలో కాయితం వాసన తగిలి వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది. పక్కింటి హైమవతి టీచరమ్మతో చదివించుకున్నా. ఇప్పుడు విజినే ఎదురుగా కూచోబెట్టి రాయిస్తున్నా. తల ఎత్తడం లేదు.

తమిళం రాదని చెప్పేయి. పొయ్యి ముట్టించడం రాదని చెప్పి నేనేమన్నా చచ్చానా? సాయంత్రాలు అరుళ్ దగ్గర కూచోని అక్షరాలు దిద్దు. రేపు వస్తా. నా కార్డు తీసిపెట్టు.

ఇంకొక మాట. ముప్పై ఏళ్ళలో విజి వంటను ఒక్కసారన్నా బాగుందని నేను అనలేదు. అది దరఖాస్తులో రాయలేదు. రాయకపోయినా నాకు తెలుసు. ఈ పొద్దు అని తీరాలని పప్పుచారు పోసుకున్నా. నోట్లో పెట్టుకున్నా. ఉప్పు చిటికెడు తక్కువ! ఏం చేసేది? ఉద్యోగం చేసే మనిషి అబద్ధమాడకూడదు గదా.

ఇట్లు, కన్నియమ్మ వేలిముద్ర

తా.క.: సార్, ఈ ముక్క అత్తకు చదివి వినిపించలేదు. రేపు లోపం పట్టగలనని ఆమెకు ధైర్యం రావాలని ఉప్పు నేనే కావాలని చిటికెడు తగ్గించా. బాగుంది అనబోయిందని ఇప్పుడు రాస్తుంటే తెలిసింది. తొందరపడ్డా సార్! – విజి