మనింట్లో బార

నాన్నా, భుజం నొప్పి తగ్గింది, కంగారు పడొద్దు. ఇక్కడ ఫోన్లు ఆదివారమే ఇస్తారు, అంతదాకా ఆగలేక కార్డు రాస్తున్నాను. రాష్ట్ర పోటీల్లో కాంపౌండ్ విల్లులో ఫస్టు నేనే!

నొప్పికి కారణం నీ బారే. నేను ఈ విలువిద్య అకాడమీలో చేరిన రోజు, రెండు చేతులూ చాపితే ఎంత పొడవని కోచ్ మేడం అడిగితే డెబ్బై అంగుళాలని చెప్పేశాను. వల తాళ్లన్నీ నీ చేతులతోనే కొలుస్తాం కదా, మనింట్లో బార అంటే అదే! మేడం ఆ లెక్కకే విల్లు బిగించారు. ఈ విల్లుకి కప్పీలుంటాయి, నారి పూర్తిగా వెనక్కి వస్తే బరువు ఒక్కసారిగా తగ్గిపోవాలి. నాకు అంతదూరం అందక, మొత్తం బరువూ భుజం మీదే ఉండిపోయేది.

చివరికి మేడమే టేపు పెట్టి చూశారు. "అరవై అయిదే కదమ్మా! ఆ డెబ్బై ఎవరిది?" అన్నారు.

"మా నాన్నదండి."

బారని రెండున్నరతో భాగిస్తే నారి లాగాల్సిన దూరం వస్తుందట; నవ్వి, ఆ దూరం రెండంగుళాలు తగ్గించారు. ఇప్పుడు నలభై పౌండ్లు లాగితే, గురి చూసేటప్పుడు చేతిలో పదే ఉంటాయి. చెయ్యి వణకనే వణకదు.

నాయనమ్మ మోకాలు ఎలా ఉంది? అమ్మని ఎండురొయ్యల పొడి పంపమను. ఇద్దరికీ నా దణ్ణాలు.

కొత్త వలకి తాడు కొలిచెయ్యకు. సెలవులకి వచ్చి నా బారతో నేనే కొలుస్తాను.

నీ కూతురు
గంగాభవాని