నేదునూరు దాటని బండి

ఆగస్టు 2, శుక్రవారం

బండి ఆగిపోయింది. వెనక చేపల పెట్టె నిండుగా ఉంది, అమలాపురం మార్కెట్లో తెల్లారకుండా ఎత్తిన సరుకు. ఐసు కరుగుతోంది. నేదునూరు కాలవగట్టు. ఊపిరాడనట్టు రెండుసార్లు గింజుకుని టప్పున ఆగింది. ఇరవై కిక్కులు కొట్టాను. ఉహూ. అరగంట కూర్చుని మళ్ళీ తొక్కితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. దొంగ మొహంది.

మధ్యాహ్నం మా ఆవిడ మంగ ఫోను. కువైట్‌లో తను పనిచేసే ఇంటి మేడమ్ శుక్రవారం ఒక్క అరగంటే ఫోను చేతికిస్తుంది. ఎప్పుడూ ముందు బండే చూపించమంటుంది. "పెట్రోలు మూతకి బొట్టు పెట్టేరా? అది బండి నోరండీ. పాతది తుడవకండేం..." చూపించాను. పొద్దున్నే పెట్టాను — దిట్టంగా పసుపు మెత్తి, మధ్యలో కుంకుమ. రెండేళ్ళుగా వారం వారం ఇదే.

తర్వాత అసలు సంగతి. అగ్రిమెంటు అయిపోతోంది. వచ్చే శనివారం ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టించుకుంటుందట మేడమ్. "బండి మీద మనిద్దరం బతికెయ్యొచ్చంటే వచ్చేత్తానండి. వచ్చే శుక్రవారం నాకు ఒకటే మాట చెప్పండి."

ఆయ్ అని ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు. బండి ఆగింది ఇవాళ ఒక్కసారి — రోజూ ఆగుతోందన్నాను. బేరాలే లేవన్నాను. "అయ్యో... ఎండలో నెట్టుకొచ్చేరా?" అంది. ఆ అయ్యో ఇంకోసారి వినాలనిపించింది. ఇంకో రెండు ముక్కలు కలిపాను. ఈ ఇంట్లో నన్ను అయ్యో అనేవాళ్ళెవరున్నారు?

ఆగస్టు 3, శనివారం

అన్నట్టే అయింది. ఇవాళ రెండుసార్లు ఆగింది.

ఆగస్టు 4, ఆదివారం

చేపల బేరమంతా ఇవాళే. ముక్తేశ్వరం చేరేసరికి పదకొండు దాటింది. "ఏటండీ బాబూ, ఇప్పుడా రావడం? మేం కోడి తెచ్చేసుకున్నాం..." వాడుక ఇళ్ళవాళ్ళు, గుమ్మంలోంచే. మిగిలిన బొచ్చె పులుసు పెట్టుకున్నాను. ఒక్కడికి పులుసేమిటి అసలు. మూడు పూటలూ అదే.

ఆగస్టు 5, సోమవారం

మెకానిక్ సత్తిబాబు దగ్గరికి. మూత తీశాడు, పెట్రోలు ఉందో లేదో చూశాడు, మూత పెట్టాడు, తొక్కాడు. ఒక్క కిక్కుకే స్టార్టు. "బేషుగ్గా ఉంది కదండీ!" అంటాడు. నా పరువు పోయింది. అయినా ప్లగ్గు మార్చమన్నాను.

ఆగస్టు 6, మంగళవారం

కొత్త ప్లగ్గుతో కూడా నేదునూరు దాటలేదు. కుయ్యో మొర్రో అని మళ్ళీ సత్తిబాబు దగ్గరికే. కార్బురేటరు విప్పి కడిగాడు. మూత తీసి పెట్రోలు చూశాడు, తొక్కాడు... స్టార్టు. "మీకే మొండికేత్తందండి, నాకు కాదు." నవ్వాడు. ఒళ్ళు మండింది నాకు.

ఆగస్టు 7, బుధవారం

అదే గట్టు. కొంగలు తప్ప మనిషి లేడు. బండితో పైకే మాట్లాడాను — ఏమే, ఏమైందే నీకు అని, మంగతో అన్నట్టు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఎన్నాళ్ళయిందో ఇంత గట్టిగా మాట్లాడి.

ఎల్లుండే శుక్రవారం. ఏం చెప్పను మంగకి?

ఆగస్టు 8, గురువారం

దొరికింది!

ఆగగానే కిక్కు కొట్టలేదు ఇవాళ. కూర్చుని ఆలోచించాను. సత్తిబాబు చేసేది, నేను చెయ్యనిది ఏమిటి? మూత తీస్తాడు. నేను తీయను — ట్యాంకు నిండా ఉందని నాకు తెలుసు కాబట్టి. తీశాను. స్‌స్‌... మని గాలి లోపలికి పీల్చుకుంది. ఒక్క కిక్కు. స్టార్టు!

మూత మీద గుండుసూదంత బెజ్జం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. పోకపోతే పెట్రోలు కిందికి దిగదు, బండి ఆగుతుంది. ఆ బెజ్జం లేదు. రెండేళ్ళ పసుపు గట్టిపడి పెచ్చు కట్టింది, మొన్న శుక్రవారం మెత్తినదానితో పూర్తిగా పూడిపోయింది. చేతులారా నేనే పూడ్చాను. మంగ మాట మీద.

పిన్నీసుతో గీకాను. చేపలన్నీ పదికల్లా అయిపోయాయి. సాయంత్రం పనేమీ లేకపోయినా మురమళ్ళ దాకా వెళ్ళి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను, ఎవరైనా చూస్తే పిచ్చోడనుకుందురు. వచ్చేస్తుంది మంగ. రేపు ఒకటే మాట.

ఆగస్టు 9, శుక్రవారం

నన్ను నోరు విప్పనివ్వలేదు. "నేను ఉండిపోతానని చెప్పేసేనండి మేడమ్‌కి. మీరక్కడ తిండి లేకుండా పడే పాట్లు తల్చుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు..."

బండి బాగైపోయిందే అన్నాను. ఏమైందట అని అడిగింది. బొట్టు సంగతి నోటిదాకా వచ్చింది. చెప్తే కుమిలిపోతుంది. అంత దూరం నుంచి నా కోసం చెయ్యగలిగింది అదొక్కటే. ప్లగ్గు పోయిందన్నాను.

"ప్లగ్గుకి వారం రోజులాగుద్దేంటండీ? నన్ను రప్పించుకోడానికి చెప్తున్నారు. నాకు తెల్దా మీ సంగతి?"

అది కాదే — అంటుండగానే వెనక మేడమ్ గొంతు. కట్.

వారం కిందట అబద్ధం చెబితే ఇట్టే నమ్మింది. ఇవాళ బండి బాగైందని నిజం చెబితే నమ్మలేదు. తన్నాలి నన్ను.

ఆగస్టు 10, శనివారం

తెల్లారుతూనే బండి వీధిలో పెట్టి స్టార్ట్ చేసి, పక్కన నిలబడి వీడియో తీశాను. మూత, బెజ్జం, పసుపు, అంతా చెప్పేశాను. ఏడిస్తే ఏడవనీ. రోజూ ఆగుతోందన్నది అబద్ధమని కూడా చెప్పాను. నీ అయ్యో కోసం అన్నానే మంగా, వచ్చెయ్యి, అన్నాను. ఎదురింటాయన పళ్ళు తోముకుంటూ అన్నీ విన్నాడు. విననీ.

పంపాను. ఒకటే టిక్కు పడింది. ఆ ఫోను మళ్ళీ శుక్రవారం దాకా మేడమ్ బీరువాలో ఉంటుంది, నాకు తెలుసు. అయినా చూస్తూనే ఉన్నాను.

సంతకం ఇవాళే. పొద్దున్నో, సాయంత్రమో నేను అడగలేదు.