రనీం మంచం వెడల్పు

ట్యూనిస్,
సెప్టెంబరు 9

పిన్నీ,

నువ్వు మా ఇంటికి రాకూడదనే నేను చెల్లి రనీంకి ఇరుకు మంచం చూస్తున్నానని అమ్మతో ఫోన్‌లో అన్నావట. చదువుకున్నాక నాకు చుట్టాలు బరువయ్యారని కూడా అన్నావట. అమ్మ అదే నమ్మింది. కాదని చెప్పి చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నాను.

చెల్లికి పద్నాలుగొచ్చాయి. ఇన్నాళ్లూ అమ్మ పక్కలోనే పడుకుంది. మొన్న దానికి మంచం చేయించడానికి వెళ్తే వడ్రంగి, "ఎంతమందికి?" అని అడిగాడు.

"పిల్ల ఒక్కతే. కాకపోతే స్ఫాక్స్ నుంచి మా చెల్లెలొస్తే దాని పక్కనే పడుకుంటుంది. పెళ్లిళ్లకి మా ఆడపడుచులొస్తారు," అంది అమ్మ.

"అయితే మీకు కావలసింది మంచం కాదమ్మా, షేర్ టాక్సీ," అన్నాడతను.

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పన్నెండో ఏట నాకు కొన్న మంచం వెడల్పు నూట నలభై సెంటీమీటర్లు. అందులో నేనెప్పుడూ గోడవైపు అంచునే పడుకున్నాను. మీ అందరి మోకాళ్ల నొప్పులూ, కోడళ్ల మీద ఫిర్యాదులూ ఆ దిండు మీదే విని, తెల్లారి వెళ్లి పరీక్షలు రాశాను. కాలేజీ హాస్టల్లో మొదటిసారి ఒక్కదాన్నే పడుకున్నాను. పొద్దున లేచేసరికి గోడకే అతుక్కుని ఉన్నాను.

నువ్వు రా పిన్నీ. ఎప్పటిలాగే నా పక్కన పడుకుని నీ కబుర్లు చెప్పు, వింటాను. రనీం మంచం మాత్రం తొంభై సెంటీమీటర్లే. నిన్న వడ్రంగికి చెప్పేశాను.